ఆ కాగితం తెలుగులో ఇస్తే ఏం పోయింది?

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

మార్చి 3న వినికిడి దినోత్సవం అని మీ పేపర్లో చెవి గురించి ఒక పేజీ వేశారు. ఇయర్‌ఫోన్లు గంటల తరబడి పెట్టుకోవద్దు, బడ్స్ పెట్టి తిప్పొద్దు, చెవి కారుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి అని చక్కగా రాశారు. బాగుంది. మరి వెళ్లినవాళ్ల సంగతేంటండి? వెళ్లి, ఆపరేషన్ చేయించుకుని, తలకి కట్టుతో ఆటో దిగి ఇంట్లోకి వచ్చాక ఏం చేయాలో ఆ పేజీలో ఒక్క ముక్క లేదు. మీ పేజీలోనే కాదు, నాకు ఆస్పత్రిలో ఇచ్చిన కాగితంలోనూ లేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగవుతుంది, చోటు చాలకపోతే నా గోడు తీసేయండి గానీ జాగ్రత్తలు చెప్పినచోట మాత్రం కత్తెర వేయకండి.

నేను రాజమహేంద్రవరంలో కర్రీ పాయింట్ నడుపుతాను. కుడి చెవి చిన్నప్పటి నుంచీ కారేది. కాలవలో ఈతలు కొట్టిన చెవి, జలుబు చేస్తే చాలు చీము. మా అమ్మ వెల్లుల్లి కాచిన నూనె పోసేది, ఎవరో చెప్పారని చంటిపిల్ల తల్లి పాలు కూడా పోయించింది, పాపం ఆవిడకి తెలిసింది అది. నలభై దాటాక ఆ పక్క వినపడటం బాగా తగ్గింది. కస్టమర్ కుడివైపు నుంచి "గుత్తొంకాయ ఉందా" అంటే నేను "గుడ్డు ఉంది" అనేదాన్ని. చూపిస్తే కర్ణభేరికి చిల్లు పడింది, చెవి వెనక ఎముకలోకి కూడా చీము దిగింది, ఆపరేషన్ చేసి ఎముక శుభ్రం చేసి చిల్లుకి అతుకు వేయాలి అన్నారు. చెవి పైన కణత దగ్గర కండరం మీద పల్చటి పొర ఉంటుందట, అది కొంచెం తీసి చిల్లుకి వేస్తారు. మా ఆయన "ఓహో, ట్యూబు పంక్చరే" అన్నాడు. డాక్టరమ్మ నవ్వి "అంతే, కాకపోతే గాలి కొట్టకూడదు" అంది. ఆ మాటకి అర్థం నాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు.

కిందటి కార్తీకమాసం మొదట్లో ప్రభుత్వ ఆరోగ్య కార్డు మీద ఆపరేషన్ అయింది. ఆస్పత్రి పేరు రాయను, ఎందుకంటే ఆపరేషన్ బాగా చేశారు, మందులిచ్చారు, నర్సు పిల్లలు మర్యాదగా చూశారు. నా గొడవంతా డిశ్చార్జి రోజు చేతిలో పెట్టిన కాగితంతోనే. నాలుగు పేజీలు, అంతా ఇంగ్లీషు. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది కదా అని చదివిస్తే, అందులో మూడున్నర పేజీలు నాకు ఏం చేశారో ఉంది. నేనేం చేయాలో మాత్రం చివర రెండే లైన్లు: చెవి తడవకుండా చూసుకోండి, వారం తర్వాత రండి. అంతే. ఆ వారం ఎలా గడపాలో మాకు తెలిసిపోతుందనుకున్నట్టున్నారు.

మా తమ్ముడు వ్యవసాయం చేస్తాడు. పురుగుమందు డబ్బా కొంటే మడతపెట్టి ఒక కాగితం వస్తుంది, అందులో ఎన్ని భాషలుంటాయో, తెలుగు కూడా ఉంటుంది. వరికి కొట్టే మందుకి తెలుగులో రాసి ఇవ్వగలిగినప్పుడు మనిషి చెవికి ఇవ్వలేరా అని వాడే అడిగాడు, వాడి మాట పట్టుకునే ఈ ఉత్తరానికి తలకట్టు పెట్టాను.

ఇక మొదటి రాత్రి. తల చుట్టూ తలపాగాలాగ కట్టు, లోపల చెవిలో స్పాంజిలాంటిది కుక్కి ఉంది. పడుకుంటే గుండె చప్పుడు చెవిలోనే, దబ్ దబ్ అని, మధ్యలో కీచురాయి అరిచినట్టు, ఉన్నట్టుండి టప్పుమని బుడగ పేలినట్టు. అతుకు ఊడిపోయిందేమోనని నేను లేచి కూర్చుని ఏడ్చాను. మా ఆయన రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే మోగింది మోగింది ఆగిపోయింది. వారం తర్వాత అడిగితే, ఆ చప్పుళ్లన్నీ మామూలే, లోపల స్పాంజి, రక్తం, గాలి కలిసి ఉంటాయి గనుక కొన్ని వారాలు అలా వినిపిస్తుంటుంది అన్నారు. ఇంటికి పంపేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఇంటిల్లిపాదికీ ఆ రాత్రి నిద్ర పట్టేది. తల కింద రెండు దిళ్లు వేసుకుని ఎత్తుగా, ఆపరేషన్ చేయని పక్కకి తిరిగి పడుకోవాలని కూడా తర్వాతే తెలిసింది. నేను వెల్లకిలా కర్రలాగ పడుకుని మెడ పట్టేసుకున్నాను.

మూడో రోజు కట్టు అంచున గులాబీ రంగు నీళ్లలాగ దిగింది. మా ఆడపడుచు చూసి "వదినా, మెదడు నీరేమో" అంది. ఆవిడ మంచిదే, కానీ ఆవిడ నోటికి భయపడే నేను సగం రోగం తెచ్చుకున్నాను. కొద్దిగా రక్తం కలిసిన నీరు కొన్నాళ్లు రావడం మామూలేనట, లోపలి స్పాంజి కూడా మెల్లగా కరిగి గోధుమరంగు ముక్కల్లాగ బయటికి వస్తుందట. అవి చూసి "గుబిలి కట్టింది, తీసేద్దాం" అని పిన్నీసు తెచ్చే పెద్దలు మన ఇళ్లలో ఉంటారు. తీయనివ్వకండి. లోపల ఏముందో డాక్టర్ సూక్ష్మదర్శినిలాంటి దాంట్లో చూసి తీస్తుంది, మనం బయట తుడుచుకుంటే చాలు.

ఐదో రోజు సంగతి చెప్పాలి. పక్కింట్లో పిన్నిగారు ఎండుమిరపకాయల పోపు వేశారు, కిటికీలోంచి ఘాటు వచ్చింది, నాకు తుమ్ము. తుమ్మితే చెవి అదురుతుందని గట్టిగా ముక్కు మూసి, నోరు మూసి ఆపేశాను. జాగ్రత్త పడ్డాననుకున్నాను. చెవిలోకి గాలి తన్నుకొచ్చి కళ్లు బైర్లు కమ్మాయి. నేను చేసింది సరిగ్గా చేయకూడని పని అండి. ముక్కు వెనక నుంచి చెవి లోపలికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది, ముక్కు మూసి తుమ్మితే ఆ గాలంతా గొట్టంలోంచి వెళ్లి కొత్త అతుకుని లోపలినుంచి తంతుంది. అదే డాక్టరమ్మ చెప్పిన "గాలి కొట్టకూడదు". తుమ్ము వస్తే ఆపకుండా నోరు పెద్దగా తెరిచి తుమ్మాలి. ముక్కు గట్టిగా చీదకూడదు, మెత్తగా తుడుచుకోవాలి, తప్పకపోతే లోపలికి పీల్చి ఉమ్మేయాలి. చెవులు దిబ్బడేస్తే ముక్కు మూసి ఊదడం, స్ట్రాతో గట్టిగా పీల్చి తాగడం, బెలూన్ ఊదడం ఏవీ వద్దు. వంటలు చేసి బతికేదాన్ని, రోజూ ఘాటులో ఉండేదాన్ని, నాలాంటిదానికి అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే కదా! నా అదృష్టం, అతుకు నిలబడింది.

బరువులు కూడా అంతే. ఎత్తకూడదని అందరూ అంటారు, ఎందుకో చెబితే వింటాం. ఊపిరి బిగబట్టి బరువెత్తినా, మలబద్ధకంతో ముక్కినా తలలో, చెవిలో ఒత్తిడి పెరుగుతుంది. మా దగ్గర 19 కేజీల కమర్షియల్ బండ, అది లోపలి గ్యాస్ ఒక్కటే, బండతో కలిపితే దాదాపు రెట్టింపు. పది కేజీల బియ్యం అన్నం డేగిసా దింపడం అంటే మాటలా. ఒక నెల పైగా వాటి జోలికి పోకూడదట. వంగి నేల తుడవడం, ముగ్గు వేయడం కూడా మొదటి రోజుల్లో తల తిరిగేలా చేస్తాయి, కూర్చుని లేచేటప్పుడు నెమ్మదిగా లేవాలి.

పథ్యం గురించి పెద్దగా చెప్పను, ఎందుకంటే దాంట్లో ఏం లేదు. పలకరించడానికి వచ్చినవాళ్లలో ఒకరు పప్పు తింటే చీము పడుతుందన్నారు, ఒకరు వంకాయ వద్దన్నారు, ఒకరు పెరుగు చల్లన అన్నారు. అన్నీ మానేస్తే నాకు మిగిలింది కారప్పొడి, బీరకాయ. డాక్టరమ్మ అన్నీ తినమంది, దవడ నొప్పి పుడుతుంది గనుక గట్టివి నమలకుండా మెత్తగా తినమంది. జంతికలు మానేశాను, పప్పన్నం తిన్నాను. ఒక్క పొగ మాత్రం మంచిది కాదట, అందుకని మా మావగారి చుట్ట వీధి అరుగు మీదికి మారింది. ఆయన ఇప్పటికీ నా చెవిని తిడుతుంటారు.

అసలు నన్ను ఏడిపించింది నాలుక. మూడు వారాలకి కొట్టు తెరిచాను, బరువులన్నీ కుర్రాడికి అప్పగించి నేను పోపు, ఉప్పు చూసుకుంటున్నాను. నోట్లో కుడివైపు రూపాయి బిళ్ల పెట్టుకున్నట్టు ఇనప రుచి ఆపరేషన్ అయిన రెండో రోజు నుంచే ఉంది, మందుల వల్ల అనుకున్నాను. ఆ రోజు ములక్కాడ పులుసు నాకు చప్పగా అనిపించి ఇంకో చారెడు ఉప్పు వేశాను. సాయంత్రానికి నలుగురు వెనక్కి తెచ్చారు. "అక్కా, గోదారిలో సముద్రం కలిపావా?" అని పదిహేనేళ్ల నుంచీ మా దగ్గరే తీసుకెళ్లే బ్యాంకు బాబు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నేను ఆ రాత్రి అన్నం తినలేదు. వంట చేసేదానికి నాలుక పోతే ఏం మిగులుతుంది? ఇన్ని ఏళ్లలో ఎప్పుడూ గరిటె చివర చుక్క అరచేతిలో వేసుకుని నాకితే చాలు, ఏం తక్కువైందో తెలిసేది. ఇప్పుడు ఎడమ పక్కన ఒక రుచి, కుడి పక్కన ఇంకో రుచి.

మళ్లీ ఆస్పత్రికి వెళ్లి ఆ మాట చెబితే డాక్టరమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. కర్ణభేరి వెనకగా దారంలాంటి ఒక నరం వెళుతుంది, నాలుక ముందు భాగానికి రుచి తెలిపేది అదే, ఆ పక్కది ఆ పక్కకే. ఆపరేషన్‌లో దాన్ని పక్కకి జరపాల్సి వస్తుంది, కాస్త సాగుతుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది అని చెప్పింది. "ఇది ముందే చెప్పాల్సింది మేడమ్" అన్నాను. "సంతకం పెట్టిన కాగితంలో ఉందమ్మా" అంది. ఉందండి, ఇంటికి వచ్చి చూస్తే నిజంగానే ఉంది, ఇంగ్లీషులో, నా సంతకం పక్కనే. నేను తెలుగులో సంతకం పెట్టాను.

ముందే తెలిస్తే ఆపరేషన్ మానేసేదాన్నా? మానేసేదాన్ని కాదు. ఉప్పు చూడటానికి మా అమ్మాయిని పెట్టుకునేదాన్ని, అంతే. ఇప్పుడు అదే చేస్తున్నాను. ఐదు నెలలైంది, ఇనప రుచి చాలావరకు పోయింది, పులుపు సరిగ్గా తెలుస్తోంది, ఉప్పు దగ్గర ఇంకా నమ్మకం లేదు. నాలాగ స్వీట్ షాపుల్లో, హోటళ్లలో, పెళ్లి వంటల్లో నాలుక మీద బతికేవాళ్లు ఈ జిల్లాల్లో తక్కువేం కాదు. చెవి ఆపరేషన్‌కి వెళ్లేటప్పుడు మీ పని ఏంటో డాక్టర్‌కి చెప్పండి. నన్ను ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

చెవి డొప్ప తిమ్మిరి కూడా అలాంటిదే. చెవి వెనక కోత పెడతారు గనుక అక్కడి చర్మానికి నెలల తరబడి స్పర్శ తెలియదు. దువ్వెన గీరుకుని రక్తం వచ్చినా నాకు తెలియలేదు, దిండు మీద మరక చూసి తెలుసుకున్నాను. దుద్దులు తీసేసి ఉంచుకోండి. కళ్లజోడు ఉన్నవాళ్లకి కాడ సరిగ్గా కుట్ల మీద కూర్చుంటుంది, నేను ఆ పక్క కాడ ఊడదీయించి దారం కట్టి తలకి చుట్టుకుని తిరిగాను. చూసినవాళ్లు నవ్వారు, నవ్వనివ్వండి.

తలస్నానం. కార్తీకమాసంలో ఆపరేషన్ చేయించుకోవడం నా తప్పే అనుకోండి. అత్తయ్య ప్రతి ఏడూ తెల్లవారుజామునే పుష్కరఘాట్‌కి తీసుకెళ్తారు. ఈసారి తల మునగడానికి లేదంటే ఆవిడ ముందు మొహం ముడుచుకుని, తర్వాత ఆవిడే "సంకల్పం చెప్పుకుని నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకో, గోదారమ్మకి తెలియదా ఏంటి" అన్నారు. కనీసం ఆరు వారాలు, డాక్టర్ చూసి సరే అనేదాకా చెవిలోకి నీళ్లు పోకూడదు. ఒళ్లు కడుక్కునేటప్పుడు దూదికి వాసలైన్ రాసి చెవి గూటికి అడ్డం పెట్టుకోవాలి, లోపలికి తొయ్యకూడదు. కుట్లు తీసి డాక్టర్ సరే అన్నాక మా అమ్మాయి నన్ను కుర్చీలో వెనక్కి వాల్చి, చెవి మీద ప్లాస్టిక్ కప్పు బోర్లించి పట్టుకుని తల రుద్దింది. తలకి నూనె కారేలా పెట్టకండి, అది కూడా చెవిలోకే దిగుతుంది. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, 2015లో ఎంతమంది వచ్చారో ఈ ఊళ్లో అందరం చూశాం. చెవి ఆపరేషన్ అయినవాళ్లు, చెవికి చిల్లు ఉన్నవాళ్లు తల ముంచే ముందు ఒకసారి డాక్టర్ని అడిగి వెళ్లండి.

చుక్కల మందు రాసిస్తే సీసాని కాసేపు అరచేతిలో పెట్టుకుని గోరువెచ్చన చేసి వేసుకోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసి వేసుకుంటే తల గిర్రున తిరుగుతుంది, అది నేను అనుభవించాను. ఇంట్లో మిగిలిపోయిన పాత చుక్కలు, పక్కింటివాళ్ల చుక్కలు వద్దు, కర్ణభేరికి చిల్లు ఉంటే కొన్ని మందులు లోపలికి దిగి వినికిడికే దెబ్బ.

రివ్యూకి వెళ్లినప్పుడు క్యూలో ఒకామె పరిచయమైంది. కువైట్‌లో ఇంటిపని చేస్తుంది, రెండేళ్లకోసారి వచ్చే సెలవులో చెవి బాగు చేయించుకుంది, పదిహేనో రోజు టికెట్టు. మన గోదావరి జిల్లాల నుంచి అలా వెళ్లేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. విమానం ఎక్కితే, దిగితే చెవిలో ఒత్తిడి మారుతుంది, కొత్త అతుకు దానికి ఆగకపోవచ్చు, కొన్ని వారాలు ఎక్కకూడదు అని ఆమెకి ఆ రోజు తెలిసింది. టికెట్టు మార్చుకుంటే డబ్బులు పోతాయి, మార్చకపోతే చెవి పోతుంది, ఆలస్యమైతే అక్కడి మేడమ్ ఏమంటుందో అని ఆమె అక్కడే బెంచీ మీద కూలబడింది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చేటప్పుడే "ఎక్కడికైనా ప్రయాణం ఉందా?" అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. నేనూ హైదరాబాద్ పెళ్లికి మధురపూడిలో విమానం ఎక్కుదామని మురిసిపోయాను, మానేసి రైల్లో వెళ్లాను, నాది ముచ్చట, ఆమెది బతుకు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది నాకు మూడోసారి వెళ్లినప్పుడు తెలిసింది, అదీ గోడ మీద అంటించిన ఇంగ్లీషు బొమ్మ చూపించి మా అమ్మాయి అడిగితే. ఆపరేషన్ అయ్యాక మూతి ఒక పక్కకి వంకరపోయినా, ఆ పక్క కన్ను మూతపడకపోయినా, లోకమంతా గిర్రున తిరిగి వాంతులైనా, జ్వరం ఎక్కువగా వచ్చినా, చీము కంపు కొట్టినా, దూది మీద దూది తడిసిపోయేలా రక్తం వచ్చినా, ఆగని తలనొప్పితో మెడ బిగుసుకున్నా రివ్యూ తేదీ దాకా ఆగకూడదు, అర్ధరాత్రయినా వెళ్లిపోవాలి. ముఖాన్ని కదిలించే నరం ఆ చెవిలోంచే వెళుతుందట. మూతి వంకరపోతే మన దగ్గర ఏమంటారండి? గాలి తగిలింది అంటారు, తాయెత్తు కడతారు, రెండు రోజులు చూస్తారు. ఈ ఒక్క వాక్యం మొదటి రోజే పెద్దక్షరాల్లో తెలుగులో చేతికివ్వాల్సింది.

డాక్టర్లకి తీరిక లేదని నాకు తెలుసు. ఆ ఓపీలో ఆ డాక్టరమ్మ మధ్యాహ్నం రెండింటికి కూడా టీ తాగలేదు. అందుకేగా కాగితం అడుగుతున్నది, ఒకసారి రాసి పెట్టుకుంటే ఆవిడ నోరు కూడా నొప్పి పుట్టదు. ఇంట్లో కోలుకోవడం కూడా వైద్యంలో భాగమేనని ప్రభుత్వానికి తెలియంది కాదు, 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఆపరేషన్ అయ్యాక విశ్రాంతి రోజులకి రోజుకు 225 రూపాయలు, నెలకు 5000 మించకుండా ఇస్తామని ఆరోగ్య ఆసరా మొదలుపెట్టారు కూడా. విశ్రాంతికి లెక్క కట్టిన ప్రభుత్వానికి ఆ విశ్రాంతి ఎలా తీసుకోవాలో ఒక పేజీ అచ్చేయించడం ఎంత పని? కార్డు మీద చేసే ప్రతి ఆపరేషన్‌కి ఒక తెలుగు కాగితం, దాని మీద రాత్రిపూట ఎవరో ఒకరు ఎత్తే ఫోన్ నంబరు, చదవలేనివాళ్లకి నర్సు చదివి వినిపించాలనే నియమం. నేను అడిగేది ఇంతే. ఇంగ్లీషుది తీసేయమనడం లేదు, వేరే డాక్టర్‌కి చూపించాలంటే అదీ కావాలి.

వినికిడి సంగతి అడుగుతారేమో. మూడు నెలలకి పరీక్ష చేశారు, పూర్తిగా రాలేదు గానీ ముందుకంటే చాలా నయం. మొదటి నెల ఇంకా తగ్గినట్టే అనిపిస్తుంది, లోపల స్పాంజి ఉంటుంది కాబట్టి, కంగారు పడకండి. ఇప్పుడు కుడివైపు నుంచి "గుత్తొంకాయ" అంటే గుత్తొంకాయే కడుతున్నాను.

ఇవన్నీ మా అమ్మాయి చేత ఒక పేజీలో రాయించి డాక్టరమ్మకి చూపించాను. ఆవిడ విసుక్కుంటుందేమో అనుకున్నాను, కూర్చుని చదివి, రెండుచోట్ల ఎర్ర పెన్నుతో దిద్ది, "ఒకటి నాక్కూడా ఇవ్వండి" అంది. పాతిక కాపీలు జిరాక్స్ తీయించి కొట్లో పెట్టాను, కూరతో పాటు అడిగినవాళ్లకి ఇస్తున్నాను, పందొమ్మిది అయిపోయాయి. ఒక కాపీ ఈ ఉత్తరంతో జత చేశాను, ఎర్ర పెన్ను దిద్దుబాట్లు అలాగే ఉన్నాయి. మీ ఆరోగ్యం పేజీలో వేస్తే సంతోషం.

ఇట్లు,
కర్రీ పాయింట్ నడుపుకునే ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం.